కరెంటు పోయినప్పుడు కనిపించే ఇల్లు

మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే కరెంటు పోవాలి.

నగరిలో మాది పవర్‌లూమ్‌ల ఇల్లు. మా వీధిలో ఎవరింటికి పోయినా అంతే. ముందర ఒక చిన్న గది, వెనక వంటిల్లు, ఆ రెండింటి నడుమ పొడుగ్గా రేకుల షెడ్డు, అందులో మగ్గాలు. పొద్దున అవి మొదలయ్యాయంటే ఇల్లంతా ఒకటే దడదడ. గోడకు ఆనుకుంటే వీపులో, నేల మీద పడుకుంటే తలకాయలో, కంచంలో సంగటి పక్కన పోసుకున్న పులుసులో కూడా ఆ అదురు తెలిసేది. పుట్టిందే అందులో కాబట్టి అది చప్పుడని మాకు తోచేది కాదు. మాకు మాటలు చేతుల్లో ఉండేవి. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు, ఐదువేళ్లు ముడిచి చూపిస్తే అన్నం, అరచెయ్యి కిందికి రెండుసార్లు ఆడిస్తే కూర్చోమని. అమ్మకు కోపం వస్తే చెయ్యి కూడా అక్కర్లేదు, ఒక్క చూపు చాలు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇంట్లో అందరం పోట్లాడుకుని మాటలు మానేశామనుకుని, ఎవరి పక్షం చేరాలో తెలియక మొహాలు చూసుకునేవాళ్లు.

ఇంతలో కరెంటు పోయేది. మగ్గంలో పోగు మోసుకుంటూ సగం దూరం పోయిన నాడె అక్కడే ఆగిపోయేది. అప్పుడు ఒక్కొక్కటే వినిపించడం మొదలుపెట్టేవి. మొదట రేకుల మీద గాలి. తర్వాత పక్కింట్లో పసిబిడ్డ ఏడుపు, వీధి చివర పూలమ్మే ఆమె కేక, వంటింట్లో ఎసరు కాగే చప్పుడు. ఇంతసేపూ ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయా అనిపించేది నాకు. మేం అలవాటుకొద్దీ గట్టిగా అరిచి, మా అరుపు మాకే సిగ్గు పుట్టి, గొంతు తగ్గించేవాళ్లం. అట్లా తగ్గించిన గొంతుతోనే మా అక్క మాకొక ఇంగ్లీషు కథ చదివింది.

అక్క నాకంటే ఆరేడేళ్లు పెద్దది. చీరలు చుట్టడానికని నాయన పుత్తూరు నుంచి పాత కాగితాల మోపు తెచ్చేవాడు. అందులో ఒకసారి ఒక పుస్తకం వచ్చింది. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు. రాసిందెవరో, తెలుగులో పెట్టిందెవరో, అసలు దాని పేరేమిటో ఆ పుస్తకం చెప్పదు. ఏ చీరకు చుట్టుకుపోవాల్సిందో, అక్క చేతిలో పడింది. గాలి కొట్టే కొండ మీద ఒక రాతి ఇల్లు. చుట్టూ మనిషి అలికిడి లేని బీడు. ఆ ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఎంత ప్రేమించుకుంటారో అంత పీక్కుతింటారు. కథ అంతే. కానీ అందులో గాలి ఆగేది కాదు.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, మా వైపు గాలి కూడా ఆగదు. దుమ్మునీ ఎండుటాకుల్నీ, దండెం మీది చీరల్నీ అన్నిటినీ లేపుకుపోయే పొడిగాలి. ఆ గాలికి ఎక్కడో తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు పోయేది. అంటే మా ఇంట్లో కథ చదివే వీలు గాలి వల్లే వచ్చేది, కథలోనూ గాలే. అందుకని మాకెవరికీ అది దూరదేశపు కథ అనిపించలేదు. పైన రేకులు ఎగిరెగిరి పడుతుంటే, అక్క మగ్గం పక్కన బోర్లించిన గంప మీద కూర్చుని చదివేది. అమ్మ రాట్నం ముందర కూర్చుని కండెలు చుడుతూ వినేది. రాట్నానికి కరెంటుతో పనిలేదు కదా. నాయన నూనెడబ్బా పట్టుకుని మగ్గం కిందికి దూరి, వింటున్నట్టు ఎవరికీ తెలియకుండా వినేవాడు.

అక్క ఒక చట్టం పెట్టింది. కరెంటు పోయినప్పుడే చదవాలి. ఒక్కతే ముందుకు చదవకూడదు, నన్ను చదవనివ్వకూడదు. అమ్మ వచ్చి రాట్నం సర్దుకుని కూర్చున్నాకనే మొదలు. ఆ సర్దుకోవడం ఒక తంతు. చీర కుచ్చిళ్లు మడిచి, పీట జరిపి, పోగు తడిపి, అప్పుడు "ఊఁ" అనేది. ఆ "ఊఁ" పడందే అక్క నోరు తెరిచేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈలోపల కరెంటు వచ్చేస్తే ఎవరు జవాబుదారీ?

వచ్చేది కూడా. మంచి పట్టులో ఉన్నప్పుడే వచ్చేది. "కరెంటు వచ్చె!" అని నాయన మగ్గం కింద నుంచి కేకేసేవాడు. దడదడలో అక్క పెదవులు ఇంకొక్క క్షణం కదిలేవి, మాట వినపడేది కాదు. తర్వాత తలుపు వేసినట్టు పుస్తకం మూసేసేది. చదివిన చోట ఒక ఎర్ర పోగు పెట్టేది.

అమ్మకు ఆ ఇంటి మనుషులంటే అసలు పడేది కాదు.

"ఇంత కోపమేంది మే వీళ్లకు?" అనేది. "ఆ ఇంట్లో ఏళకింత సంగటి కెలికి పెట్టే ఆడమనిషి లేదా? కడుపులో ఏమన్నా పడితే ఇట్ల అరుసుకుంటారా?"

"వంటామె ఉండాది మా. కతంతా ఆమే కదా సెప్తాండేది," అనేది అక్క.

"అదే నేననేది. కతలు సెప్పుకుంటా కూసుంటే సంగటి ఎవురు కెలకాల?"

బీడంటే ఎట్లా ఉంటుందని నేనడిగినప్పుడు, మగ్గం కింద నుంచి నాయనే చెప్పాడు. "మీ అత్తోళ్ల ఊరు పక్కన గుట్టలు సూసినావు కదా, అట్లుంటాది."

అంతే. కథలోని ఇంటికి చోటు దొరికింది. మా మేనత్తది కార్వేటినగరం. సుబ్రహ్మణ్యస్వామి పండగ ఆడికృత్తికకు మా ఊళ్లో మగ్గాలు ఆగిపోయి, జనమంతా కావళ్లెత్తుకుని తిరుత్తణి దారి పట్టినప్పుడు మేం అత్త ఇంటికి పోయేవాళ్లం. ఊరు దాటాక బోడిగుట్ట ఒకటి ఉంది. దాని మీద పాత రాతి కట్టడం. జమీందార్ల కాలంలో వేటకు పోయినవాళ్లు దిగే చోటని అత్త చెప్పింది. ముళ్లకంపలు, ఎర్రమట్టి, బండలు, మేకలు. కథలో ఇల్లు అదేనని మేం తీర్మానించుకున్నాం. కానీ ఆ కట్టడానికి వాకిలి సరిగా లేదు, కథలోనేమో చెక్కడాల వాకిలి. అందుకని కార్వేటినగరం కోటలో మిగిలిన రాతి వాకిలిని తెచ్చి దానికి పెట్టాం. కిటికీ మాత్రం మా షెడ్డుదే. రెక్క ఊడి గాలికి టపటపా కొట్టుకునేది. కథలో కిటికీ దగ్గర ఏం జరిగినా నేను మా షెడ్డు కిటికీ వైపే చూసేదాన్ని. కరెంటు లేని ఆ మసక వెలుతురులో ఆ ఇల్లు నాకు ఎంత స్పష్టంగా కనిపించేదో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. మగ్గాలకు అవతల, నూలు ధూళిలో, గుట్టా వాకిలీ కిటికీ ఒక్కటిగా నిలబడి ఉండేవి. కరెంటు రాగానే మాయమయ్యేవి.

చివర కొద్ది పేజీలు మిగిలిపోయాయి. అక్కకు పెళ్లయింది. దూరమేం కాదు, అవతలి వీధిలో ఇంకొక మగ్గాల ఇల్లే. పుస్తకాన్ని చీరల మధ్య పెట్టుకుని పోయింది. వచ్చినప్పుడు చదువుతానంది. వచ్చినప్పుడల్లా చంకలో పిల్లో, పొయ్యి మీద పనో ఉండేవి, లేదా కరెంటు ఉండేది. అట్లా అట్లా ఏళ్లు గడిచి అమ్మ పోయింది. అమ్మ పోయాక అక్క ఆ పుస్తకం ఊసే ఎత్తలేదు.

నేను ఇంగ్లీషు చదువుకున్నాను. తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. అక్కడ చదువుకునే రోజుల్లోనే ఒక నవల తెరిచి, నాలుగు పేజీలు తిప్పేసరికి రేకుల చప్పుడు వినిపించింది నాకు. ఇది మా కథే! పేరు తెలిసింది, రాసినామె పేరు తెలిసింది, ముగింపూ తెలిసింది. ఆ వారమే బస్సెక్కి అక్క దగ్గరికి పరిగెత్తాను, ముగింపు చెబుదామని. నోరు తెరవకముందే అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"సెప్పొద్దు మే! నేనే సదువుతా. సెప్పినావంటే నీతో మాట్లాడను."

అప్పట్లో ఆమె తనంత తాను చెవులు మూసుకోగలిగేది.

మా తరగతి గది కిటికీలోంచి అలిపిరి పైన కొండ కనిపిస్తుంది. ఆ నవల చెప్పేటప్పుడు, బీడుకు అందులో వాడిన మూర్ అనే మాట చూసి, మూర్ అంటే ఏమిటి మేడం అని పిల్లలు అడిగితే, డిక్షనరీలో ఏముందో చెప్పి, ఆపైన కార్వేటినగరం గుట్ట గురించి చెబుతాను. ఆడి నెలలో పోయి ఒక గంట నిలబడి రండి, పరీక్షలో మార్కులు రావు కానీ అర్థమవుతుంది అంటాను. పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారని నాకు తెలుసు.

అక్కకు చెవులు మందగించడం ఎప్పుడు మొదలైందో మాకెవరికీ తెలియదు. మగ్గాల ఇళ్లల్లో అది ఎట్లా తెలుస్తుంది? అందరం అరుస్తాం, అందరం సైగలు చేస్తాం. నూలు ధరలతో వేగలేక వాళ్లింట్లో మగ్గాలు ఒక్కొక్కటే ఆపేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు తెలిసింది. అక్క మాత్రం ఇంకా అరుస్తూనే ఉంది. పిలిస్తే తిరగడం లేదు. వేలూరు తీసుకుపోయాం. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చెవి మిషను రాసిచ్చి, ఉన్నది కూడా మెల్లగా తగ్గిపోతుంది, తిరిగి రాదు అని చెప్పాడు. నేను కాగితం మీద రాసి చూపించాను. అక్క చదివి మడిచి సంచిలో పెట్టుకుంది.

బస్సు చిత్తూరు దాటాక కిటికీ వైపు చూస్తూ అంది. "మనుసుల మాటలు పోతే పోనీ. యాభై ఏండ్లు ఇన్నాం కదా, వాళ్లు కొత్తగా సెప్పేదేముండాది? గాలి సప్పుడు పోతే ఆ కత ఎట్ల సదివేది?"

"ఇప్పుడే చదువు అక్కా. చెవి ఉన్నప్పుడే పూర్తి చెయ్యి. నేను వచ్చి కూర్చుంటా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఊఁ అనేదానికి అమ్మ యాడుండాది? ఆకరి పేజీ సదివేస్తే ఇంగ అమ్మ గూడా లేసి ఎళ్లిపోతాది."

నేను మొహం తిప్పుకున్నాను. నాకు అప్పటిదాకా తెలియదు, ఆ ఎర్ర పోగు దగ్గర అమ్మ ఇంకా రాట్నం ముందర కూర్చునే ఉందని. పుస్తకం పూర్తి కానంతవరకూ ఉంటుంది. చెవులు పూర్తిగా పోతే అక్క ఆ పేజీలను తన గొంతుతో తను వినే వీలూ ఉండదు. ఈ రెంటి మధ్య ఇరుక్కుపోయింది మా అక్క. నేనేం చెయ్యలేకపోయాను.

ఆ ఏడాదే మా కాలేజీ తరఫున ఒక శిక్షణకు నన్ను ఇంగ్లండు పంపారు. కొద్ది వారాలు. మేమున్న ఊరికి ఆ కథ పుట్టిన కొండలు దగ్గరేనని తెలిసి అక్కకు ఫోనులో రాశాను. వెంటనే జవాబు: "పోయి సూడు. ఆ గాలి పట్టుకురా."

ఒక సెలవురోజు పోయాను. బస్సు ఒక ఎగుడు వీధి అడుగున దింపింది. నల్లబడిన రాతి ఇళ్లు, రాళ్లు పరిచిన దారి. పాత ఇళ్లల్లో కొన్నిటికి మేడ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసగా కిటికీలే. ఇంత చలిదేశంలో ఇన్ని కిటికీలెందుకో అర్థం కాలేదు. టీ అంగడిలో ఒక పెద్దావిడ ఉంది. కథలోని ఇల్లెక్కడని అడిగితే కబుర్ల మూట విప్పింది. ఆ ఇంటి కోసం వచ్చేవాళ్లందరికీ తను ఒకటే మాట చెబుతానంది. అట్లాంటి ఇల్లు ఒకచోట లేదట. చోటేమో కొండ మీది పాడుబడ్డ ఇంటిది అంటారు. చెక్కడాల వాకిలి ఇంకెక్కడో ఉన్న పెద్ద భవంతిది, దాన్ని కూల్చేసి చాలా కాలమైంది. లోపలి గదులూ కిటికీనేమో కింద లోయలోని మరో ఇంటివని కొందరంటారు. మూడు చోట్ల నుంచి తెచ్చి రాసినామె తన తలలో ఒక ఇల్లు కట్టుకుంది అని ఆవిడ చెబుతుంటే, నేను టీ కప్పు కింద పెట్టేశాను. మేమూ అంతే కదా చేసింది! ఇంత పెద్ద రచయిత్రీ, కండెలు చుట్టే మా అమ్మా ఒకే పద్ధతిలో ఇల్లు కట్టారని నాకు లోలోపల భలే గర్వమనిపించింది.

కొండదారి పట్టాను. చాలా దూరం. దారి చూపే పలకల మీద ఇంగ్లీషుతో పాటు జపాను అక్షరాలు కూడా ఉన్నాయి. తెలుగు లేదు. మనవాళ్లు ఈ కథకు ఇంత దూరం రారని తేల్చేసినట్టున్నారు. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, వాటి వెనక తడిసిన గొర్రెలు. కాలు వేస్తే దిగబడే నల్లమట్టి, పాత బొంత మీద నడుస్తున్నట్టు. మోకాలెత్తు పొదలు, వాటి నిండా సన్నటి ఊదారంగు పూలు. కనుచూపు మేర అదే రంగు, దాని మీద మేఘాల నీడలు పాకుతూ పోతున్నాయి. ఒక్క మనిషి లేడు. కలలో నడుస్తున్నానా అనిపించింది. కాలు నొప్పి కూడా వేరే ఎవరిదో అనిపించింది.

పైన ఆ ఇల్లు. కప్పు లేదు. మొండిగోడలు, పక్కన గాలికి ఒరిగిన రెండు చెట్లు. గోడకు ఒక పలక తాపడం చేసి ఉంది. ఈ కట్టడం బాగున్న రోజుల్లో కూడా పుస్తకంలోని ఇంటి మాదిరి ఉండేది కాదనీ, చోటు ఎంచుకునేటప్పుడు మాత్రం రాసినామె మనసులో ఈ కొండ ఉండి ఉండొచ్చనీ దాని సారాంశం. ఇది ఆ ఇల్లు కాదు మహాప్రభో అని గోడకే రాసిపెట్టినా జనం వస్తూనే ఉన్నారంటే నవ్వొచ్చింది. నేనూ వచ్చినదాన్నే కదా.

నిజం చెప్పాలంటే నాకు అక్కడ ఆ ఇల్లు కనిపించలేదు. చాలాసేపు చూశాను. మరీ తడిగా ఉంది, మరీ పచ్చగా ఉంది. మేకలు లేవు. కళ్లు మూసుకుంటే మాత్రం, గాలి చెవుల్లో పడి, మా షెడ్డు కిటికీ టపటపా కొట్టుకుంది. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఫోను బయటికి తీసి, గోడ వారన నిలబడి, ఆ గాలినంతా రికార్డు చేశాను.

తిరిగి వస్తూ ఆ టీ అంగడి ఆవిడను కిటికీల సంగతి అడిగాను. వెనకటికి ఆ ఇళ్లన్నీ నేతగాళ్లవట. మగ్గాలు మేడ మీద పెట్టుకునేవాళ్లట, వెలుతురు కోసం అన్ని కిటికీలట.

మద్రాసులో విమానం దిగి సరాసరి నగరి పోయాను. అక్క మిషను తీసేసి, నా ఫోను వైరు కాస్త బాగున్న చెవిలో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత మూతి వంకర పోయింది. ఆఖరికి పగలబడి నవ్వేసింది.

"ఇదేంది మే, ఆడ గూడా మగ్గాలు ఆడిస్తాండారా?"

లాక్కుని నా చెవిలో పెట్టుకున్నాను. నిజమే. గాలి ఫోను మీద నేరుగా కొట్టి, వినిపించేదంతా దడదడ, దడదడ. సముద్రాలు దాటి పోయి మా నాయన షెడ్డును రికార్డు చేసుకుని వచ్చాను. నాకు ఉక్రోషమొచ్చింది. అంత కొండ ఎక్కింది ఇందుకా! కానీ అక్క నవ్వు ఆపడం లేదు. దాంతో నేనూ నవ్వాను. తర్వాత ఆ ఊరి కిటికీల సంగతి, నేతగాళ్ల సంగతి కాగితం మీద రాసి చూపించాను. అక్క నవ్వు ఆపి రెండుసార్లు చదివింది.

"అట్లయితే ఆమె గూడా మగ్గాల ఊరి పిల్లే," అంది. "మనట్లే ఆ సప్పుడు పక్కనే కూసోని గాలి గురించి రాసింటాది."

రాసినామె పాదిరి ఇంటి పిల్ల. మగ్గం ముట్టి కూడా ఉండదేమో. కానీ నేను ఆ మాట రాయలేదు. అక్క మొహంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

కాసేపు వైరు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుని అంది. "ఆడి వస్తాది కదా. అత్తోళ్ల గుట్టకు పోదాం. పుస్తకం తెస్తా."

"అమ్మ..." అన్నాను. నా పెదవులు చూసి అర్థం చేసుకుంది.

"కూసోని కూసోని అమ్మకు గూడా నడుం నొప్పి వచ్చింటాది మే. ఎన్నేండ్లని సుడతాది ఆ కండెలు?"

ఆడి నెల వచ్చింది. పుత్తూరులో బస్సు మారి కార్వేటినగరంలో దిగాం. అత్త ఇప్పుడు లేదు. దారి పొడుగునా కావళ్ల జనం, పసుపు బట్టలు. ఆటో అతను గుట్ట దగ్గర దింపి, అక్కడ చూడ్డానికి ఏముందమ్మా, కోటకు పోండి అన్నాడు. ఒకప్పుడు ముళ్లకంపలున్న చోట గుట్ట నడుము దాకా మామిడితోట లేచింది. కంచె పక్కగా మెల్లగా ఎక్కాం. అక్క మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది. పైన ఆ కట్టడం కప్పు ఎప్పుడో కూలిపోయి, మొండిగోడలు మిగిలాయి. అచ్చం అక్కడ చూసినట్టే. అక్క చుట్టూ తిరిగి గోడ తడిమి చూసింది.

"దీనికి గూడా ఒక పలక కొట్టిద్దామా? ఇది ఆ ఇల్లు కాదు అని?" అంది.

వద్దని చెయ్యి ఊపాను. ఇదే ఆ ఇల్లు.

గోడ మరుగు దాటి ఇవతలికి వచ్చామో లేదో గాలి మా మీద పడింది. కొంగులు ఎగిరిపోయాయి. అదే గాలి, పొడిగా, ఎర్రదుమ్ముతో, మామిడితోటను మొత్తం ఒక పక్కకు వంచేస్తూ. నాకు చిన్నప్పటి రేకులు, నూలు వాసన, నాయన నూనెడబ్బా అన్నీ ఒక్కసారి వచ్చాయి. అక్క మాత్రం మొహం చిట్లించి చెవి పట్టుకుంది. గాలి మిషనులో దూరి గోల చేస్తోంది.

"మళ్లా మగ్గాలే!" అని విసుక్కుంది.

కాసేపు ఓర్చుకుంది. ఆ దడదడలోనే గాలిని వెతుక్కున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. దొరకలేదు. అప్పుడు చెవి వెనక నుంచి మిషను తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తానే మూసింది. కళ్లు మూసుకుని నిలబడింది. చీర ఒంటికి అతుక్కుపోయి, జుట్టు చెదిరి, అట్లా చాలాసేపు. ఆమెకు ఏం వినిపిస్తోందో నేను అడగలేదు. డాక్టరు చెప్పిన రోజు వచ్చేసిందా, ఇంకా కాస్త మిగిలి ఉందా, నాకు తెలియదు. తెలుసుకోవాలంటే భయమేసింది.

కళ్లు తెరిచి, షెడ్డులో అరిచినట్టు అరిచింది. "కరెంటు పాయె మే!"

అరిచాక, వెనకటి మాదిరే, గొంతు తగ్గించింది. గోడ వారన ఒక రాయి చూసుకుని కూర్చుంది. సంచిలోంచి పుస్తకం తీసింది. కాగితాలు పండుటాకుల రంగుకు వచ్చేశాయి, ఎర్ర పోగు మాత్రం అట్లాగే ఉంది. దాన్ని లాగి నా చేతికిచ్చింది. అరచెయ్యి కిందికి రెండుసార్లు ఆడించి కూర్చోమంది. నేను ఆమె ఎదురుగా కూర్చోబోతే, కాస్త పక్కకు జరగమని చూపించింది. జరిగాను. ఆ ఖాళీ జాగా వైపు చూస్తూ, కుచ్చిళ్లు మడిచేంత సేపు, పీట జరిపేంత సేపు, పోగు తడిపేంత సేపు ఆగింది.

ఇంక నేనుండలేకపోయాను. కన్నీళ్లు కారుతుంటే, అమ్మ గొంతుతో, గట్టిగా "ఊఁ" అన్నాను. అక్కకు అది వినపడదని నాకు తెలుసు. కానీ నా మొహం చూసి తల ఊపింది.

"ఇంగ రాదులే కరెంటు," అంది అక్క, పేజీ మీద వేలు పెట్టి. "ఆకరి దాకా సదువుతా, ఇను."